విండోస్ మీద పోస్ట్‌గ్రెస్: ఎంతవరకు నమ్మవచ్చు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. అదే ఏడాది నవంబర్‌లో పోస్ట్‌గ్రెస్ (పూర్తిపేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్) డేటాబేస్ 13వ వెర్షన్‌కు కూడా గడువు తీరింది. మొదటి సంగతి పేపర్లలో వచ్చింది కాబట్టి అందరికీ తెలిసింది. రెండోది చాలామంది చెవిన పడలేదు. బొల్లారం బజారు నుంచి అల్వాల్ దాకా క్లినిక్కుల్లో, స్కూళ్లలో, మెడికల్ హాళ్లలో ఒక మూల ఒక కంప్యూటర్ ఉంటుంది. షట్టర్ ఎత్తినప్పటి నుంచి దించేదాకా టోకెన్లు, ఫీజులు, బిల్లులు అన్నీ దానిలోకే పోతుంటాయి. ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అడుగున పోస్ట్‌గ్రెస్ గానీ, మైఎస్‌క్యూఎల్ గానీ ఉండటం మామూలే. అలాంటి చోట ఈ రెండు గడువులూ ఒకేసారి వచ్చి పడ్డాయి.

ఇక సలహాలు మొదలవుతాయి. సాఫ్ట్‌వేర్ అమ్మినాయన కొత్త విండోస్ కంప్యూటర్ కొనమంటాడు. హైటెక్ సిటీలో పనిచేసే మేనల్లుడు లైనక్స్ వేసెయ్యమంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరి మాట ఎంతవరకు వినాలో తేల్చుకోవడానికి కొన్ని లెక్కలు చాలు.

ముందు రెండు మాటలు. డేటాబేస్ అంటే మీ రికార్డులను పద్ధతిగా దాచి, అడిగినప్పుడు వెతికి ఇచ్చే ప్రోగ్రామ్. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆ ప్రోగ్రామ్‌కు డిస్క్, మెమరీ, నెట్‌వర్క్ అందించేది. విండోస్, లైనక్స్ ఆ కోవలోవి. పోస్ట్‌గ్రెస్ ఓపెన్‌సోర్స్, అంటే దాని మూల కోడ్ ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. కాబట్టి డేటాబేస్ ఖర్చు రెండు వైపులా సున్నాయే. తేడా అంతా దాని కింద ఉండే సిస్టమ్‌తోనే.

అసలు పోస్ట్‌గ్రెస్ విండోస్ కోసం తయారైందేనా అన్నది సహజంగా వచ్చే మొదటి అనుమానం. కాదు. 1986లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ బృందం దీన్ని యూనిక్స్ మీద మొదలుపెట్టింది. విండోస్ మీద నేరుగా నడవడం 2005 జనవరిలో వచ్చిన 8.0 వెర్షన్‌తోనే సాధ్యమైంది. అంతకుముందు సిగ్విన్ అనే ప్రోగ్రామ్‌ను మధ్యలో పెట్టుకోవాల్సి వచ్చేది. అంటే విండోస్ మీద దీని వయసు ఇరవై ఏళ్లు దాటింది. ప్రయోగ దశ ఎప్పుడో గడిచిపోయింది.

పెద్దవాళ్లెవరైనా అలా నడిపారా అంటే, స్వయంగా మైక్రోసాఫ్టే నడిపింది. 2018లో తన క్లౌడ్ అజూర్ మీద పూర్తిస్థాయిలో మొదలైన పోస్ట్‌గ్రెస్ సేవ తొలి రూపం, సింగిల్ సర్వర్ అనేది, విండోస్ మీదే పనిచేసింది. వేలాది సంస్థల డేటాకు సరిపడే సేవ అది. తర్వాత తెచ్చిన ఫ్లెక్సిబుల్ సర్వర్‌ను మాత్రం లైనక్స్ మీద కట్టారు, పాతదాన్ని 2025 మార్చి 28న విరమించారు. విండోస్ మీద నడపడం కుదురుతుంది అనడానికి ఇదే రుజువు. ఎంపిక చేతిలో ఉన్నప్పుడు విండోస్ తయారుచేసినవాళ్లే లైనక్స్ వైపు మొగ్గారు అనడానికి కూడా ఇదే రుజువు. రెండింటినీ కలిపి చూడాలి.

పోస్ట్‌గ్రెస్ యూనిక్స్ నుంచి విండోస్‌కు వచ్చినట్టే, ఎదురు దిశలోనూ ఒక ప్రయాణం జరిగింది. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టారు. అదే ఏడాది అక్టోబర్‌లో తమ కంపెనీకి లైనక్స్ అంటే ఇష్టమని బహిరంగంగా చెప్పారు. అంతకుముందు దశాబ్దంలో ఆ కంపెనీ పెద్దలు లైనక్స్‌ను దుయ్యబట్టిన తీరు గుర్తున్నవాళ్లకు అది చాలా పెద్ద మాట. 2016 మార్చిలో, అప్పటికి చాలా ఏళ్లుగా విండోస్ మీదే నడుస్తున్న తమ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ లైనక్స్‌కు వస్తుందని ప్రకటించారు. 2017 అక్టోబర్‌లో అది వచ్చింది కూడా. దాని కోసం డేటాబేస్ మొత్తాన్ని తిరిగి రాయలేదు. డేటాబేస్‌కు, కింది సిస్టమ్‌కు మధ్య ఒక పొర పెట్టారు. విండోస్‌ను అడిగినట్టు డేటాబేస్ అడిగేవన్నీ ఆ పొర లైనక్స్‌కు అర్థమయ్యేలా అందిస్తుంది. ఈ ఉదాహరణ మనకెందుకంటే, సిస్టమ్ మారినప్పుడు డేటాబేస్‌లో చాలాభాగం అలాగే ఉంటుంది, పేచీ అంతా కింది సిస్టమ్‌ను అడిగే ఆ నాలుగైదు చోట్లే వస్తుంది. ఆ చోట్లను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట వేగం, ఎందుకంటే వాదనలన్నీ అక్కడే మొదలవుతాయి. రోజుకు 150 టోకెన్లు ఇచ్చే క్లినిక్‌ను తీసుకోండి. ఒక్కో టోకెన్‌కు రిజిస్ట్రేషన్, ఫీజు, మందులు, రిపోర్టు అన్నీ కలిపి 10 నమోదులు అనుకుందాం. రోజుకు 1,500. పది గంటల పనివేళలో 24 సెకన్లకు ఒకటి. ఇప్పుడు పాతకాలపు తిరిగే హార్డ్‌డిస్క్ ఒకటి ఊహించండి, నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120. ఒక్కో నమోదుకు పూర్తి చుట్టు ఆగాల్సి వచ్చినా సెకనుకు 120 నమోదులు రాస్తుంది. మీ క్లినిక్ రోజంతా చేసే రాతపని ఆ డిస్క్‌కు 13 సెకన్ల పని. ఎస్‌ఎస్‌డీ అయితే ఇంకా తక్కువ.

పరిమాణం కూడా ఇలాగే తేలిపోతుంది. ఏడాదికి 300 పనిదినాలు, పదేళ్లు వేసుకుంటే 45 లక్షల వరుసలు. ఒక్కో వరుస 200 బైట్లు అనుకుంటే 90 కోట్ల బైట్లు, ఒక జీబీ కూడా కాదు. త్వరగా వెతకడానికి కట్టుకునే ఇండెక్సులూ అవీ కలిపి మూడింతలు అయినా మామూలు ఫోన్ మెమరీలో పట్టేంత డేటా. ఈ స్థాయిలో లైనక్స్ వేగమా, విండోస్ వేగమా అన్న చర్చకు అర్థం లేదు. సెకనుకు వేల నమోదులు జరిగే చోట లైనక్స్‌కు మొగ్గు ఉన్నమాట నిజం. ఆ మాట ఆధారంగా బొల్లారంలో ఎవరూ కంప్యూటర్ మార్చక్కర్లేదు.

అయితే కనెక్షన్ల విషయంలో చిన్న ఆఫీసుకు కూడా దెబ్బ తగలవచ్చు. పోస్ట్‌గ్రెస్ తన దగ్గరికి వచ్చే ప్రతి కనెక్షన్‌కూ ఒక విడి ప్రాసెస్, అంటే మెమరీలో నడిచే ఒక ప్రత్యేక ప్రతిని పుట్టిస్తుంది. లైనక్స్ కూడా ఉన్న యూనిక్స్ కుటుంబంలో ఆ పని చవక, ఎందుకంటే ఉన్న ప్రాసెస్‌నే రెండుగా చీల్చవచ్చు. విండోస్‌లో ఆ సదుపాయం లేదు, ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టి వివరాలన్నీ మళ్లీ అందించాలి. ముందుగా పెట్టి ఉండే పరిమితి 100 కనెక్షన్లు, అందులో 3 అడ్మిన్ కోసం పక్కన పెడతారు. ఆరు కౌంటర్లున్న చోట అంత ఎందుకు దాటుతుందని అనిపిస్తుంది. కానీ సరిగ్గా రాయని సాఫ్ట్‌వేర్ ఒక్కో కౌంటర్ నుంచి 20 తెరిస్తే 120 అయింది, పరిమితి దాటింది. అప్పుడు పరిమితి పెంచమని అడగకండి. తెరిచిన కొద్దిపాటి కనెక్షన్లనే అందరికీ పంచే పీజీబౌన్సర్ లాంటి పూలర్ పెట్టమనండి. అది రెండు సిస్టమ్‌ల మీదా నడుస్తుంది.

మెమరీ గురించి పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది: విండోస్ మీద పోస్ట్‌గ్రెస్‌కు 512 ఎంబీకి మించి షేర్డ్ బఫర్లు, అంటే డేటాను చేతికందేలా ఉంచుకునే మెమరీ, ఇస్తే లాభం లేదని. ఒకప్పుడు అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే ఆ మాట ఉండేది. తర్వాతి వెర్షన్లలో తీసేశారు. ప్రత్యేక సర్వర్ అయితే మొత్తం ర్యామ్‌లో పాతిక శాతం నుంచి మొదలుపెట్టమన్నది ఇప్పటి సూచన. 8 జీబీ ఉంటే 2 జీబీ.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వద్దాం. కౌంటర్‌లో రసీదు ప్రింటయిందంటే డేటాబేస్ మీకు ఒక మాట ఇచ్చినట్టు: ఈ క్షణంలో కరెంటు పోయినా ఈ నమోదు పోదు. దాన్నే కమిట్ అంటారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి డేటాబేస్ కింది సిస్టమ్‌ను అడుగుతుంది, నిజంగా డిస్క్ మీద రాశావా అని. రాశానని జవాబు వస్తే రసీదు ఇస్తుంది. ఆ జవాబు అబద్ధమైతే? విండోస్ మీద పోస్ట్‌గ్రెస్ మొదటి అమరికలో, డిస్క్ లోపలి తాత్కాలిక మెమరీలో ఉన్నదాన్ని కూడా రాసినట్టే లెక్కించే అవకాశం ఉంది. అది పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. రెండు మందులు చెప్పారు. ఒకటి, విండోస్‌లో ఆ డిస్క్ ప్రాపర్టీస్ తెరిచి రైట్ క్యాషింగ్ టిక్ తీసేయడం. రెండోది, పోస్ట్‌గ్రెస్ అమరికల్లో వాల్ సింక్ మెథడ్ అనేదాన్ని ఎఫ్‌సింక్‌కు మార్చడం. వేగం కొంత తగ్గుతుంది, కానీ పైన చూసిన 13 సెకన్లు 30 అయితే మాత్రం మీకు ఏం నష్టం?

మీ మెషీన్ నిజం చెబుతోందా లేదా తెలుసుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌తోపాటే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న పరికరం వస్తుంది. డిస్క్ సెకనుకు ఎన్నిసార్లు నిజంగా రాయగలదో అది చెబుతుంది. సెకనుకు 120 సార్లు మాత్రమే తిరిగే డిస్క్ వేలల్లో రాస్తున్నానని చూపిస్తే, మధ్యలో ఎవరో రాయకుండానే రాశానంటున్నారు. నన్నడిగితే విండోస్ మీద పోస్ట్‌గ్రెస్ నడుపుతున్న ప్రతి ఆఫీసూ ఈ పరీక్ష చేయించుకుని తీరాలి. యూపీఎస్ ఉంది కదా అని ఊరుకోవద్దు, యూపీఎస్ బ్యాటరీ కూడా ఒకరోజు చేతులెత్తేస్తుంది.

లైనక్స్‌లో ఈ బాధ లేదా అంటే, అక్కడా ఒకటి బయటపడింది. డిస్క్ రాత విఫలమైనప్పుడు లైనక్స్ ఆ సంగతి ఒకసారి చెప్పి, రెండోసారి అడిగితే అంతా బాగుందనేస్తుందని 2018లో పోస్ట్‌గ్రెస్ తయారీదారులు గుర్తించారు. 2019 ఫిబ్రవరి నుంచి వచ్చిన వెర్షన్లలో దీన్ని సరిదిద్దారు. ఇప్పుడు రాత విఫలమైతే డేటాబేస్ వెంటనే ఆగిపోయి, మార్పులన్నీ ముందే రాసుకున్న తన లాగ్ నుంచి మళ్లీ కట్టుకుంటుంది. రెండు సిస్టమ్‌లలోనూ పాత వెర్షన్ మీద కూర్చోవడమే ఎక్కువ ప్రమాదం.

విండోస్‌కే ప్రత్యేకమైన ఇబ్బంది యాంటీవైరస్. అది డేటా ఫైళ్లను తనిఖీ కోసం పట్టుకున్నప్పుడు పోస్ట్‌గ్రెస్ వాటి పేరు మార్చలేదు, చెరపలేదు. పేరు మార్చే చోట సుమారు 10 సెకన్లు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, కుదరకపోతే తప్పు చూపిస్తుంది. మధ్యాహ్నం ఒక్కసారిగా బిల్లింగ్ బిగుసుకుపోయి తర్వాత దానంతటదే సర్దుకుంటోందంటే ముందు అటు చూడండి. డేటా ఫోల్డర్‌ను తనిఖీ నుంచి మినహాయిస్తే చాలు.

ఇక అక్షరాల వరుస. దీన్ని కొలేషన్ అంటారు, అంటే ఏ అక్షరం తర్వాత ఏది రావాలో చెప్పే నియమం. పోస్ట్‌గ్రెస్ చాలాకాలం ఈ నియమాన్ని కింది సిస్టమ్ నుంచే అరువు తెచ్చుకుంది. విండోస్ పట్టిక ఒకటి, లైనక్స్ పట్టిక ఇంకొకటి, పైగా లైనక్స్ తన పట్టికను మధ్యలో మార్చింది కూడా. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ మార్పు జరిగింది. జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ. మార్పు ఎలాంటిదో మన జంటనగరాలవాళ్లకు చెప్పడం తేలిక, ఎందుకంటే మన ఇంటి నంబర్ల నిండా హైఫన్లే. అంతకుముందు ఇంగ్లిష్ అమరికలో 11 ముందు, 1-1 తర్వాత. ఆ తర్వాత 1-1 ముందు, 11 తర్వాత.

వరుస మారితే ఏం కొంప మునుగుతుంది? ఇండెక్స్ అంటే డేటాబేస్ త్వరగా వెతకడానికి వరుసలో పేర్చి పెట్టుకున్న జాబితా. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మనం మధ్యలో తెరిచి ముందుకో వెనక్కో వెళ్తాం. డేటాబేస్ కూడా అంతే చేస్తుంది. జాబితా పాత వరుసలో ఉండి, వెతికేవాడు కొత్త వరుస నమ్మితే తప్పు వైపు వెళ్లి, లేదని తిరిగొస్తాడు. రికార్డు ఉంటుంది, కానీ దొరకదు. కౌంటర్‌లో అమ్మాయి ఆ పేషంట్‌ను మళ్లీ కొత్తగా నమోదు చేస్తుంది. తప్పు జరిగినట్టు తెర మీద ఏ హెచ్చరికా రాదు, అదే దీనిలోని ప్రమాదం. లైనక్స్ రకాలైన డెబియన్‌లో 9 నుంచి 10కి, ఉబుంటులో 18.04 నుంచి 20.04కి కింది సిస్టమ్‌ను మాత్రం మార్చి, డేటా ఫోల్డర్‌ను అలాగే ఉంచినవాళ్లకు ఈ ఆపద పొంచి ఉంది. మందు తేలిక: రీఇండెక్స్ ఆదేశంతో జాబితాలను కొత్తగా కట్టించడం. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ స్థాయిలో కూడా పట్టిక వెర్షన్ గుర్తుపెట్టుకుని, మారితే హెచ్చరించడం మొదలుపెట్టింది.

తెలుగు పేర్లు ఉన్న చోట ఇంకో మాట. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించే యూనికోడ్‌లో ల, ళ, వ అనే క్రమంలో అంకెలు ఇచ్చారు. మన వర్ణమాలలో ళ అనేది హ తర్వాత వస్తుంది. కాబట్టి అంకెల వరుసలో కల్పన, కళావతి, కవిత అని వస్తే, బడిలో నేర్చుకున్న వరుసలో కల్పన, కవిత, కళావతి అని రావాలి. హాజరు పట్టీలు తెలుగులో తీసే స్కూలు ఇది ముందే నిర్ణయించుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన 17వ వెర్షన్‌లో పోస్ట్‌గ్రెస్ తన సొంత అంకెల వరుసను లోపలే పెట్టుకుంది. ఏ సిస్టమ్ మీదైనా అది ఒకేలా ఉంటుంది, కింది పట్టిక మారినా చెక్కుచెదరదు. ఇండెక్సులకు అది వాడి, పట్టీ ప్రింట్ తీసే చోట మాత్రం భాషా వరుస అడగడం మంచిదని నా అభిప్రాయం.

తెలుగు ఎక్కువ స్థలం తింటుందా అంటే, తింటుంది. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు. బొల్లారం అన్న పేరులో 8 గుర్తులు, 24 బైట్లు. 60 గుర్తుల చిరునామా 180 బైట్లు. అలాంటివి పదివేలున్నా 1.8 ఎంబీ, ఫోన్‌లో తీసిన ఒక ఫొటో అంత. దీని గురించి బెంగ వద్దు. పాత విండోస్ అమరికలో డేటాబేస్‌ను విన్ 1252 అనే సంకేతపద్ధతిలో సృష్టించి ఉంటే మాత్రం తెలుగు అసలు పట్టదు, తప్పు చూపించి తిప్పి పంపుతుంది. కొత్తది సృష్టించేటప్పుడు యూటీఎఫ్-8 అని పట్టుబట్టండి.

సరే, లైనక్స్‌కే వెళ్దామనుకున్నారు. డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి అక్కడ పెట్టడం కుదరదు. ఆ ఫైళ్లు ఒక సిస్టమ్ నుంచి మరోదానికి పనికొస్తాయన్న హామీ లేదు. పీజీ డంప్ అనే పరికరంతో డేటాను ఆదేశాల రూపంలో బయటికి తీసి, కొత్త చోట మళ్లీ పోయాలి. దీనివల్ల ఇండెక్సులన్నీ కొత్త సిస్టమ్ వరుస ప్రకారం కొత్తగా తయారవుతాయి, పైన చెప్పిన ఆపద ఇక్కడ రాదు. మన క్లినిక్ 90 కోట్ల బైట్లు పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ మీద కూడా ఒకటింపావు నిమిషంలో వెళ్లిపోతాయి. పోసి, ఇండెక్సులు కట్టడంతో కలిపి ఆదివారం ఒక పూట పని.

ఈ పనిలో జనం మరిచిపోయేవి రెండున్నాయి. డంప్‌లో యూజర్లు, పాస్‌వర్డ్‌లు రావు, వాటిని పీజీ డంప్ ఆల్‌తో విడిగా తీయాలి. అలాగే విండోస్‌లో లొకేల్, అంటే భాషా అమరిక, పేరు ఒక తీరున, లైనక్స్‌లో మరో తీరున ఉంటుంది. అందుకే ఖాళీ డేటాబేస్‌ను అక్కడ ముందే చేతితో సృష్టించుకుని అందులో పోయడం సుఖం. ఒక పూట కూడా మూయలేని ఆసుపత్రి అయితే లాజికల్ రెప్లికేషన్ ఉంది; రెండు మెషీన్లూ నడుస్తుండగానే మార్పులు పాతదాని నుంచి కొత్తదానికి చేరుతుంటాయి. కానీ అది వరుస సంఖ్యల లెక్కను మోసుకురాదు. సరిచేయకుండా కౌంటర్ తెరిస్తే రసీదు నంబర్ మళ్లీ 1 దగ్గర మొదలై, ఆ నంబర్ ఇప్పటికే ఉందని తప్పు చూపిస్తుంది.

మీది మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ అయితే చూడాల్సింది టేబుల్ పేర్లు. విండోస్‌కు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లేదు, లైనక్స్‌కు ఉంది. సాఫ్ట్‌వేర్ ఒకచోట పేషంట్స్ అని పెద్దబడిలో, ఇంకోచోట చిన్నబడిలో రాసి ఉంటే విండోస్ మీద ఏళ్ల తరబడి నడిచినది లైనక్స్ మీద మొదటిరోజే ఆగుతుంది. దీని అమరికను మైఎస్‌క్యూఎల్ 8.0లో మొదట స్థాపించేటప్పుడే ఎంచుకోవాలి, తర్వాత మార్చనివ్వదు.

ఖర్చు విషయానికొస్తే, విండోస్ 11కు 2017కి ముందటి ప్రాసెసర్లు దాదాపు ఏవీ అర్హం కావు, అంటే 2016లో కొన్న మెషీన్ మారాల్సిందే. విండోస్ సర్వర్ కొంటే మామూలుగా ఒక్కో మెషీన్‌కు కనీసం 16 కోర్ల లైసెన్స్ కట్టాలి, మీది 8 కోర్లదైనా సరే. లైనక్స్‌కు ఆ ఖర్చు లేదు, పాత మెషీన్ మీదే నడుస్తుంది. కానీ రాత్రి పదింటికి ఆగిపోతే వచ్చి చూసే మనిషి ఎవరు? ఆ మనిషికి ఏ సిస్టమ్ చేతనైతే అదే మీ సిస్టమ్. దీనికి మన ఊరి రైల్వేలే ఉదాహరణ. దేశమంతటి రిజర్వేషన్లు నడిపిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట అమర్చింది సికింద్రాబాద్‌లోనే. అది ఓపెన్‌సోర్స్ కాదు, విండోసూ లైనక్సూ కాదు, వీఎంఎస్ అనే సిస్టమ్ మీద నడిచింది. కింద మెషీన్లు వ్యాక్స్ నుంచి ఆల్ఫాకు, ఆల్ఫా నుంచి ఇటానియమ్‌కు మారినా, తమవాళ్లకు క్షుణ్ణంగా తెలిసిన ఆ సిస్టమ్‌నే వాళ్లు ఏళ్ల తరబడి పట్టుకున్నారు.

మారాలనుకుంటే ఒక నెల రెండు మెషీన్లూ ఉంచుకోండి. 100 వాట్ల కంప్యూటర్ రాత్రింబవళ్లు నడిచినా నెలకు 72 యూనిట్లు, అంతే అదనం. మారిన ఆదివారం సాయంత్రం రెండింటి మీదా నాలుగు చూడండి: ప్రతి టేబుల్‌లో వరుసల సంఖ్య, ఈ ఆర్థిక సంవత్సరం బిల్లుల మొత్తం, హైఫన్లున్న పది ఇంటి నంబర్లు వెతికితే దొరుకుతున్నాయా లేదా, తర్వాత రాబోయే రసీదు నంబర్. నాలుగూ కలిస్తే సోమవారం కొత్తదాని మీద కౌంటర్ తెరవండి. ఒక్కటి తేడా వచ్చినా ఆ వారం పాతదాని మీదే నడిపి, వచ్చే ఆదివారం మళ్లీ మొదటి నుంచి డంప్ తీయండి.